ఎడమచేతి గ్లౌజు

“ఆ కంచం తీసీ. దాని చేతి ముద్ద నాకొద్దు.”

ఉమామహేశ్ ఎడమచేత్తో కంచాన్ని తోసేశాడు. పప్పన్నం చాప మీద ఒలికింది. కట్టు కట్టిన కుడిచెయ్యి తలగడ మీద, తనది కానట్టు పడి ఉంది.

రమాకుమారి కదల్లేదు. ముద్ద పట్టుకున్న చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

“పెళ్ళైన కాడ్నించీ ఆ సేతి వంటే గదరా తిన్నావు,” అన్నాడు గడప దగ్గర టీ గ్లాసుతో కూర్చున్న బైరాగి. ఆ ముసలాయన కొడుకుని వెనకేసుకొస్తున్నాడో, కోడల్ని వెనకేసుకొస్తున్నాడో గొంతుని బట్టి ఎన్నడూ తెలీదు.

“నువ్వూరుకో నానా. ఆ చేత్తో కుట్టిన గ్లౌజే నా వేళ్ళు తినీసింది.”

పక్కింటి దర్జీల మిషన్లు గోడ అవతల గడగడలాడుతూనే ఉన్నాయి. కలకత్తా రేవు పక్కనున్న ఈ మెటియాబ్రుజ్‌లో ఎవరి కొంప మునిగినా ఆ చప్పుడు ఆగదు.

నిన్ననే ఆసుపత్రి నుంచి తెచ్చారు అతన్ని. కుడిచేతికి మధ్యవేలు, ఉంగరపువేలు లేవు. వచ్చిన దగ్గర్నుంచి తల్లితో మాట్లాడాడు, తండ్రితో మాట్లాడాడు, చూడ్డానికి వచ్చిన ప్రతివాడితోనూ మాట్లాడాడు. పెళ్ళాంతో మాత్రం నేరుగా ఒక్క మాట అనలేదు.

వంటింట్లోంచి అమ్మన్నమ్మ పరుగున వచ్చింది. “ఓలమ్మా, అన్నం అలగ పారబొయ్యకురా, పాపం తగులుద్ది. ఇటు తేయే పిల్లా. నా సేత్తో తింటాడు.”

కంచం అత్త చేతిలోకి పోయింది. అతను తల్లికి నోరు తెరిచాడు. తింటూ తింటూ గది మూలకి చూశాడు.

“ఆ మిషను కూడా తీయించీ అమ్మా. దాని మొహం చూస్తే నాకు జొరం వస్తోంది.”

కుట్టుమిషను పక్కన గ్లౌజుల కోసం కత్తిరించిన ముక్కలు గుట్టగా ఉన్నాయి. రెండేళ్ళ కష్టం ఆ గుట్ట. 

రమాకుమారి బైరాగికి మేనకోడలు. పుట్టిందీ ఓడల డాకులో పనిచేసే కూలీ ఇంట్లోనే. పెళ్ళికి ముందు జీన్స్ ప్యాంట్లకి జేబులు కుట్టేది. పెళ్ళయ్యాక మొగుడి చేతులు చూసింది. అతని పని ఓడ మీద పేర్చిన కంటైనర్లు కదలకుండా ఇనప రాడ్లతో బిగించడం. ఒక్కో కంటైనర్ బిగించగానే నడుముకి వేలాడే ఫోనులాంటి మిషను తెర మీద వేలు నొక్కాలి. నొక్కితే గానీ క్రేను కదలదు. కంపెనీ ఇచ్చిన గ్లౌజులు అట్టముక్కల్లా ఉండేవి. వేలు వంగదు, తెర వినదు. అందుకని మగాళ్ళంతా గ్లౌజుని పళ్ళతో లాగి, వట్టి వేలితో నొక్కి, గ్లౌజు నోట్లో కరిచి పట్టుకునే ఇంకో రాడ్డు మీద చెయ్యేసేవాళ్ళు.

గ్లౌజు తియ్యకుండా నొక్కగలిగితే చాలు గదా అనుకుంది ఆమె. అక్కడ మొదలైంది.

ఈ వాడలోని మగాళ్ళందరి చేతులూ కొలిచింది. చాపిన చేతిని కాదు. గ్లాసు పట్టుకోమని, ఆ గ్లాసు చుట్టూ సగం మూసిన చేతిని కొలిచింది. డాకులో ఎవడి చెయ్యీ చాపి ఉండదు గదా! కుట్లు బయటికి తిప్పింది, వేళ్ళ సందున గరగరలాడకుండా. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగే గుడ్డ వేసింది. అరచేతికి టైరు పళ్ళలాంటి రబ్బరు గీతలు అతికించింది. మూడు వేళ్ళ కొసలకి వెండి పూత దారం. ఆ దారం తగిలితే తెర పలికేది.

అలాంటి గ్లౌజు ఉన్నా, అతను ఆ రోజు పళ్ళతో లాగాడు. లాగిన క్షణంలోనే రాడ్డు జారి వట్టి చేతి మీద పడింది.

ఎందుకు లాగాడు? అది మాత్రం ఎవరూ అడగట్లేదు.

---

గుమ్మం బయట బూట్ల చప్పుడు అయింది. “నమస్కారం బైరాగి గారూ. లోపలికి రావచ్చా?”

వచ్చింది జానకిరామ్, కంపెనీ సేఫ్టీ ఆఫీసరు. బ్యాంకు ఉద్యోగం మీద వచ్చి భవానీపూర్‌లో స్థిరపడ్డ ఆంధ్రా కుటుంబం వాళ్ళది. రమాకుమారి గ్లౌజుల్ని పైవాళ్ళ బల్ల మీద పెట్టి, ముందు ఉమామహేశ్ పనిచేసే కూలీల గ్యాంగుకి ఇచ్చి చూద్దామని పట్టుబట్టినవాడు ఆయనే.

“రండి బాబూ. కుర్సీ ఎయ్యే రమా.”

“ఉమ ఎలా ఉన్నాడు?”

“ఏటుంది బాబూ! ఉన్నవి ఉన్నాయి, పోయినవి పోయాయి,” అన్నాడు బైరాగి.

జానకిరామ్ వంగి బూట్లు విప్పుకున్నాడు. కుర్చీలో కూర్చున్నాక కూడా కట్టు కేసి చూడలేకపోయాడు.

“రేపు పొద్దున ఎంక్వయిరీ ఉమా. నువ్వు రావాలి. మీ ఆవిడా రావాలి. వాళ్ళు తేల్చేది ఒక్కటే. తప్పు గ్లౌజుదా, మనిషిదా?”

“రెండిటికీ తేడా ఏటి దాదా?”

“గ్లౌజుదైతే నీకు గేటు దగ్గర కూర్చుని చేసే పని ఇప్పిస్తాను. పర్మినెంటు. అది నా పూచీ. మనిషిదైతే...” ఆయన గొంతు సవరించుకున్నాడు. “అంటే, రక్షణ కోసం ఇచ్చినదాన్ని కోసినా, మార్చినా, ఇంకోలా పాడుచేసినా నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు. ఆ గేటు నీకు మూసేస్తారు.”

“గ్లౌజుదే,” అన్నాడు ఉమామహేశ్. మాట ఇంకా పూర్తికాకముందే అన్నాడు. “తెర పలకలేదు. మళ్ళీ మళ్ళీ నొక్కాను. పలకలేదు. వెనక నుంచి మా గ్యాంగు సర్దార్ అరుస్తున్నాడు. తీసీసాను.”

జానకిరామ్ రమాకుమారి వైపు తిరిగాడు. “నువ్వేమంటావమ్మా?”

“నేనేమంటాను సార్? మీరే గదా పరీక్ష చేయించారు.”

“చేయించాం. తడిలో, ఎండలో, చెమటతో. ఎక్కడా తప్పలేదు. అందుకే అడుగుతున్నాను. రేపు తప్పు గ్లౌజుదని నిర్ణయమైపోతే నీ పని అక్కడితో సరి. ఈ రేవులోనే కాదు, ఏ రేవులోనూ వాటిని ముట్టుకోరు. వేళ్ళు తీసిన గ్లౌజన్న పేరు పడిపోతుంది. నీతో పాటు కుట్టడానికి కూర్చున్న ఆడవాళ్ళూ లేచి వెళ్ళిపోవాల్సిందే.”

ఉమామహేశ్ నవ్వాడు. “నా వేళ్ళు పోయినా పరవాలేదు, దాని కుట్టు పోకూడదు. అంతేనా జానకీ దాదా?”

“అలా అన్నానా నేను?”

“అనక్కర్లేదు.”

అమ్మన్నమ్మ తెచ్చిన టీ ఆయన రెండు గుక్కల్లో తాగేసి లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

“అన్నట్టు, ఆ గ్లౌజులు కావాలి. కుడిది నువ్వు పళ్ళతో లాగినప్పుడే నీళ్ళలో పడిపోయిందన్నారు. ఎడమది ఆసుపత్రివాళ్ళు బట్టలతో పాటు ఇచ్చారట కదా.”

“పారేశాం,” అన్నాడు ఉమామహేశ్.

రమాకుమారి తల తిప్పి మొగుడి వైపు చూసింది. ఆసుపత్రి సంచి మేకుకి వేలాడుతూనే ఉంది. దాన్ని తెచ్చిన దగ్గర్నుంచి ఎవరూ విప్పలేదు.

“పారేశారా?” అన్నాడు జానకిరామ్.

“నెత్తురు మరకలు దాదా. అమ్మ చూడలేకపోయింది.”

అమ్మన్నమ్మ నోరు తెరవబోయింది. కొడుకు చూసిన చూపుకి మూసేసింది. జానకిరామ్ తలూపి వెళ్ళిపోయాడు.

---

అత్త గిన్నెలు తోముకోడానికి పెరట్లోకి వెళ్ళేదాకా రమాకుమారి ఆగింది. ఉమామహేశ్ గోడకి తిరిగి పడుకున్నాడు. ఆమె సంచి దించుకుని మిషను దగ్గరికి వెళ్ళింది.

చొక్కా, లుంగీ, కింద ఎడమచేతి గ్లౌజు. నెత్తురు మరక ఒక్కటి కూడా లేదు.

తొడుక్కుంది. ఫోను తీసి తెర మీద చూపుడువేలు పెట్టింది. తెర కదల్లేదు. మధ్యవేలు. కదల్లేదు. బొటనవేలు నొక్కి నొక్కి చూసింది. రాయిని నొక్కినట్టుంది.

ఇలా అవ్వదు. తడిపినా, ఉతికినా, ఎండలో పడేసినా ఆ దారం చచ్చిపోదు. తనే స్వయంగా చూసుకుంది.

గ్లౌజుని వెలుగులోకి తిప్పింది. వేలి కొసలు ఎర్రగా ఉన్నాయి. గోరుతో గీకితే పెచ్చులా ఊడింది. ఎరుపు పొడి, దాని కింద జిడ్డు. అరచేతి రబ్బరు గీతల్లో కూడా అదే జిడ్డు, మెరుస్తూ. ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఆవనూనె. సిందూరం.

ఆమె మిషను బల్ల పట్టుకుంది.

“ఏటే పిల్లా, అలగ సూస్తన్నావు?” బైరాగి గడప దగ్గర్నుంచే అడిగాడు. “అది నీ అత్త బొట్టే.”

“ఎప్పుడు పెట్టింది మావయ్యా?”

“ఎప్పుడేటి, విశ్వకర్మ పూజకే గదా. నాను ముప్పైయేళ్ళు డాకులో సేసినంత కాలమూ నా రాడ్డుకీ, నా స్పానరుకీ ఆ సేతి బొట్టే. ఆవనూనెలో సిందూరం కలిపి పెడతాది, వాన పడినా పోదు. ఈ ఏడు వాడి పనిముట్టు గ్లౌజులు గదాని ప్రతి వేలికీ పెట్టింది. అరసేతిలో నూనె కూడా రాసింది. నానే గదా పళ్ళెం పట్టుకున్నాను! నువ్వప్పుడు కొట్టు కాడికెళ్ళావు, దారానికి.”

ముసలాయన ఆ మాట గర్వంగా చెప్పాడు. ఆయనకి అందులో చెప్పకూడనిదేదీ కనపడలేదు.

పూజ రోజు రమాకుమారి కళ్ళ ముందు తిరిగింది. డాకులో పని బంద్. ఆకాశం నిండా గాలిపటాలు. ప్రతి గ్యారేజీలో, ప్రతి కొట్టులో పనిముట్లకి బొట్లు. ఆ మర్నాడే డ్యూటీ. గ్యాంగులో అందరికంటే ముందు ఓడెక్కినవాడు ఉమామహేశ్. రాత్రంతా నూనె పీల్చిన గ్లౌజులతో.

వేళ్ళు తీసింది కుట్టు కాదు. ప్రేమ.

ఆ మాట అనుకోగానే ఆమెకి ఒళ్ళు మండింది. ప్రేమ అట, ప్రేమ! రెండు వేళ్ళు తీసుకుని, ఇప్పుడు తన రెండేళ్ళూ తీసుకుంటోంది.

---

మంచం మీద గ్లౌజు విసిరింది. ఉమామహేశ్ కళ్ళు తెరిచాడు. గ్లౌజు కేసి చూసి, వెంటనే పెరటి తలుపు కేసి చూశాడు.

ఆ చూపు చాలు.

“నీకు తెలుసు,” అంది రమాకుమారి.

“మెల్లిగా మాటాడు.”

“నీకు తెలుసు బావా!”

“మెల్లిగా అన్నాను గదా. అమ్మ వింటాది.”

ఆమె గొంతు దించింది. దించినకొద్దీ అందులో విషం పెరిగింది. “ఎప్పట్నుంచి తెలుసు?”

“పైకెక్కీసరికే. రాడ్డు పట్టుకుంటే జారిపోయింది. వాసన తెలిసింది. అప్పుడే అనుకున్నాను.”

“అనుకుని కూడా తొడుక్కునే ఉన్నావు. గ్లౌజులిచ్చినప్పుడే చెప్పానా లేదా? గ్రీజు అంటితే అప్పటికప్పుడు తుడిచీమన్నాను. నూనె నానితే దారం చచ్చిపోద్దని చెప్పాను. తుడిచీవచ్చు గదా ఒక్క గుడ్డతో!”

“అమ్మ పెట్టిన బొట్టు తుడిచీమంటావేటి?”

అతను అంత మామూలుగా అన్నాడు. తనైనా తుడిచేదా? ఏమో. ఆ ఏమో కూడా కోపంగానే మారింది.

“మరి నిన్నట్నుంచి నన్ను పీక్కు తింటున్నావెందుకు? వచ్చినవాళ్ళందరి ముందూ నా గ్లౌజు, నా కుట్టు అని దండోరా వేశావు. ఇందాక కంచం తోసీసావు. అన్నీ తెలిసే?”

ఉమామహేశ్ ఎడమచేత్తో కట్టు అంచు లాక్కున్నాడు.

“ఆసుపత్రిలో నన్ను చూసి అమ్మ ఏడవలేదు. తెలుసా? నా కొడుకు ప్రాణం మిగిలింది, నేను పెట్టిన బొట్టే కాపాడింది అని అందరికీ చెప్పుకుంది. నర్సులక్కూడా. ఆవిడకిప్పుడు ఏటి చెప్పమంటావు? నీ బొట్టే నా వేళ్ళు తీసిందని చెప్పనా? బతుకుతాదా?”

“నేను బతకనక్కర్లేదా?”

“నీకేటే! నీకు రెండు చేతులున్నాయి. జేబులు కుట్టుకున్నా బతుకుతావు. నాకేముంది? జానకీ దాదా చెప్పింది విన్నావు గదా. ఇంట్లో నూనె రాశారని తెలిస్తే తప్పు మనిషిదైపోద్ది. గేటు పని పోద్ది. అమ్మా పోద్ది. రేపు నువ్వొక్క మాటంటే అన్నీ మిగుల్తాయి.”

“ఏమనాలి?”

“కుట్టులో లోపం ఉందని.”

“లేదు.”

“ఉందని అను.”

“లేదు బావా! రెండేళ్ళలో అందులో మిగిలింది అదొక్కటే. లోపం లేకపోవడం.”

“అయితే ఎల్లి చెప్పు,” అన్నాడతను, మొహం గోడకి తిప్పుకుంటూ. “నా మొగుడి వేళ్ళు వాళ్ళమ్మే తీసిందని రేవంతా చెప్పు. గొప్ప పేరొస్తాది.”

అరిచి ఉంటే బాగుండేది. మెల్లిగా అన్నాడు. ఇద్దరూ మెల్లిగానే పొడుచుకున్నారు, పెరట్లో గిన్నెలు తోముకుంటున్న మనిషికి వినపడకుండా.

---

“పెద్దమ్మా! ఓ పెద్దమ్మా!”

ఎదురింటి అప్పలలక్ష్మి గుమ్మంలోకి వచ్చింది. చేతిలో గిన్నె, మొహంలో పండగ.

“పులుసు తెచ్చాను, ఉమ తమ్ముడికి. పెద్దమ్మ ఏది రమా?”

“పెరట్లో ఉంది. ఏటి వదినా, ఇంత సంబరం?”

“మా ఆయనకి డ్యూటీ పడింది గదా! యాక్సిడెంటయిన కాడ్నించీ ఆ గ్యాంగంతటినీ ఇంట్లో కూచోబెట్టీసారా? ఇయాల ఓడొచ్చింది. ఇప్పుడే ఎల్లారు, అందరూ. భయమేసింది గానీ, ఫరవాలేదు. ఆయన గ్లౌజులక్కూడా పెద్దమ్మ బొట్టుంది గదా, కాపాడుద్ది.”

రమాకుమారి ఆమె దగ్గరికొచ్చింది. “ఏ గ్లౌజులకి?”

“నువ్విచ్చినవే. ఎంక్వయిరీలో తేలీదాకా అవే తొడుక్కోమన్నారట. ఇంకే గ్లౌజులున్నాయి?”

చేతులు కడుక్కుంటూ లోపలికొచ్చిన అమ్మన్నమ్మ అందుకుంది. “మరేటనుకున్నావే? నా ఒక్క కొడుక్కే పెడతానా? గ్యాంగులో అందరూ నా కొడుకులే. అందరి గ్లౌజులూ ఒక్క పళ్ళెంలో పెట్టించి, ప్రతి వేలికీ బొట్టెట్టాను. ఎవుడికీ తక్కువ సెయ్యనేదు.”

రమాకుమారి మొగుడి వైపు చూసింది. ఉమామహేశ్ మంచం మీద లేచి కూర్చున్నాడు. ఇది అతను కూడా అనుకోలేదు.

ఇప్పుడు గ్యాంగంతా ఓడెక్కుతోంది. అందరి చేతులకీ అవే గ్లౌజులు. తెర పలకదు. సర్దార్ అరుస్తాడు. పళ్ళతో లాగుతారు.

ఆమె జానకిరామ్ నంబరు నొక్కింది.

“రమా!” ఉమామహేశ్ మంచం దిగాడు. తూలాడు. ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. “ఏటి చెప్తావు?”

“వదులు.”

“ఏటి చెప్తావో చెప్పి ఫోను చెయ్యి!”

“ఏటైందర్రా?” అంది అమ్మన్నమ్మ.

ఫోను మోగుతోంది. ఎత్తట్లేదు. ఆగిపోయింది. ఆమె ఇంకో చేత్తో మళ్ళీ నొక్కింది. ఈసారి ఎత్తాడు. వెనక క్రేను మోత, గాలి, ఎవరివో కేకలు.

“సార్, ఆపించండి! గ్యాంగుని కిందికి దింపించండి. గ్లౌజులు తీయించండి.”

“ఏమంటున్నావమ్మా? వినపడట్లేదు. గట్టిగా.”

“గ్లౌజులు! పని ఆపించండి!”

“ఎలా ఆపుతాను? ఓడ రేవు గట్టుకి వచ్చేసింది. ఆపాలంటే కారణం చెప్పాలి. ఏం జరిగింది?”

కారణం. నూనె అంటే, ఏ నూనె అంటాడు. పూజ అంటే, ఎవరు చేశారంటాడు. ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయేలోగా అక్కడ ఎవడో ఒకడు గ్లౌజుని పళ్ళతో పట్టుకుంటాడు. అమ్మన్నమ్మ ఎదురుగా నిలబడి ఉంది, తడిచేతులు చీర కొంగుకి తుడుచుకుంటూ. మణికట్టు మీద ఉమామహేశ్ పట్టు బిగుస్తోంది.

ఒక్క మాటలో అయిపోయే కారణం ఒక్కటే ఉంది.

“నా కుట్టులో లోపం ఉంది సార్. తెర పలకదు. పట్టు జారిపోతోంది. అన్ని జతలూ అంతే. తీయించీండి.”



“ఈ మాట రేపు అందరి ముందూ చెప్పాల్సి ఉంటుంది. తెలుసా?” అన్నాడు జానకిరామ్.

“ముందు దింపించండి.”

“దింపిస్తున్నాను.” ఆయన ఎవరికో బెంగాలీలో అరవడం వినిపించింది. థామావో, సొబాయికే నీచే నామావో — ఆపండి, అందరినీ కిందికి దింపండి అని. తరువాత గొంతు దగ్గరికి వచ్చింది. “నేను నీ తరఫున ఎంత మందితో పోట్లాడానో నీకు తెలియదమ్మా.” ఫోను పెట్టేశాడు.

మణికట్టు మీద పట్టు వదిలింది. ఉమామహేశ్ గుండెల నిండా గాలి పీల్చుకోవడం ఆమెకి వినపడింది. మునిగిపోతున్నవాడు ఒడ్డు దొరికాక పీల్చినట్టు. ఆ ఊపిరిని ఆమె జన్మలో క్షమించలేదు.

అప్పలలక్ష్మి పులుసు గిన్నె గట్టు మీద పెట్టేసి, మాట్లాడకుండా డాకు వైపు పరిగెత్తింది.

“నీ నోటితోనే ఒప్పుకున్నావు,” అంది అమ్మన్నమ్మ. మొదట మెల్లిగా, తరువాత వాడంతా వినేలా. “విన్నావా మావా నీ మేనకోడలు మాట? అన్ని జతలూ అంతేనట! తెలిసి తెలిసి నా కొడుకు సేతికి తొడిగింది. వాడు గ్లౌజు గ్లౌజు అని మొత్తుకుంటంటే నానే నోరు మూయించాను, దాని తప్పు కాదురా, మన గాచ్చారం అని. నా బొట్టు నేకపోతే చెయ్యి మొత్తం పోను. ప్రాణమే పోను!”

బైరాగి గ్లాసు కింద పెట్టాడు. “ఆగే. అరవకు.”

“ఎందుకాగాల? పాపిష్టి గ్లౌజుకి నా సేతులార బొట్టెట్టాను. రేపు ఆ దేవుడి కాడ ఏ మొహం పెట్టుకుని నిల్చోను? ఒలే, నువ్వింక ఆ మిషను ముట్టుకున్నావంటే నా పీనుగు మీదే!”

రమాకుమారి అత్త వైపు చూడలేదు. మొగుడి వైపే చూసింది.

“ఫోనులో చెప్పింది వాళ్ళ చేతుల కోసం బావా. నీ కోసం కాదు.”

అతను మళ్ళీ మంచం మీద కూర్చున్నాడు.

“రేపటిది వేరు. రేపు నేను లోపం అని చెప్పినా, ఇంకోటి చెప్పినా, ఈ ఇంట్లో ముందు ఒకరికి తెలియాలి. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

అమ్మన్నమ్మ అరుపు మధ్యలో ఆగిపోయింది. కోడల్ని చూసింది. కొడుకుని చూసింది.

“ఏటిరా? ఏటి చెప్పాలి?”

ఉమామహేశ్ తల్లి మొహంలోకి చూశాడు. పెదవులు కదిలాయి. ఒక్క క్షణం రమాకుమారికి నిజంగానే అనిపించింది, చెప్పేస్తాడని. ఎంత చేదైనా ఈ మగాడు తన పెనిమిటే గదా, ఒక్క మాట తన పక్కన నిలబడి అంటాడని.

“ఏటీ లేదమ్మా,” అన్నాడు. “పుట్టింటికి ఎల్లిపోతానంటోంది. అదే.”

గది నిండా ఏదో విరిగినట్టయింది. చప్పుడు మాత్రం లేదు.

“ఎల్లమను!” అంది అమ్మన్నమ్మ. “ఇప్పుడే ఎల్లమను!”

అప్పుడే రమాకుమారి చేతిలో ఫోను మోగింది. జానకిరామ్.

“అందరినీ దింపేశానమ్మా. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ గ్లౌజులు తీయిస్తే అన్నిటికీ వేళ్ళ కొసల్లో ఎర్రటి జిడ్డు ఉంది. ఎవరినడిగినా నోరు విప్పట్లేదు. ఏమిటది? నువ్వు పెట్టిందేనా?”

ఫోను స్పీకరు మీద ఉంది; ఆయన గొంతు గదంతా వినిపించింది. అమ్మన్నమ్మ చేతులు తుడుచుకోవడం ఆపి, ఫోను కేసి వింతగా చూసింది.

“చెప్పమ్మా,” అన్నాడు జానకిరామ్. “వింటున్నాను.”